ఒంటి తీగ, ఒంటి గొంతు

తంబురా మీటుతూ ఒక్కడే పాడే గాయకుడి కచేరీ మొత్తం ఒక్క ఒంటి మీదే ఉంటుంది. భుజానికి ఆనించిన తంబురా, దాని తీగను తట్టే వేలు, రెండో చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు, వీటన్నిటి మీదుగా సాగే గొంతు. పక్కవాద్యం ఉండదు, వంత పలికేవాళ్లు ఉండరు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ రూపాన్ని ఎరగనివాళ్లు తక్కువ. తత్వాలు పాడే బైరాగి, గోవిందనామం పలుకుతూ ఇంటింటికీ వచ్చే దాసరి, ధనుర్మాసపు హరిదాసు కొద్దిపాటి తేడాలతో ఇదే సరంజామా మోస్తారు. పురందరదాసు (1484–1564) బొమ్మలో తంబురా, చిడతలు, గజ్జెలు మూడూ కనిపిస్తాయి. తాళ్లపాక అన్నమాచార్యుడిని (1408–1503) తంబురా లేకుండా ఊహించడమే కష్టం.

అమెరికాలో ఇదే పని గిటారు చేసింది. వుడీ గత్రీ లాంటివాళ్లు ఒక గిటారు మెడలో వేసుకుని ఊరూరా పాడారు. అక్కడి జానపద గాయని ఎలిజబెత్ కాటన్‌ది ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్లకని తీగలు కట్టిన గిటారునే ఆమె తిరగేసి పట్టుకుని, అందరూ బొటనవేలితో పలికించే మంద్రస్వరాలను వేళ్లతోనూ, వేళ్లతో పలికించే పాటను బొటనవేలితోనూ పలికించింది. గిటారులో ఆరు తీగలు, మెడ మీద మెట్లు. జానపదుల తంబురాకు ఒకటి నుంచి నాలుగు తీగలు, మెట్లు అసలే లేవు. చూడ్డానికి రెంటికీ పొంతన లేకపోయినా వాటి ముందున్న లెక్క ఒకటే: ఒక్క మనిషి, కరెంటు సాయం లేకుండా, శ్రుతి తప్పకుండా, లయ జారకుండా, ఆరుబయట పదిమందికి వినిపించాలి. ఈ లెక్కను రెండు వాద్యాలూ వేర్వేరు దారుల్లో తేల్చాయి.

తీగ పలికే స్వరం మూడింటి మీద ఆధారపడుతుంది. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. బిగువు నాలుగింతలైతే రెట్టింపవుతుంది. తీగ బరువెక్కిన కొద్దీ స్వరం దిగుతుంది. ఈ సూత్రాలను ఫ్రాన్సుకు చెందిన మారిన్ మెర్సెన్ 1636లో అచ్చువేశాడు. బిరడ తిప్పి శ్రుతి చేసుకునే దాసరికి సూత్రంతో పని లేదు, చెవి చాలు. అయితే తీగకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. అది ఎంత గట్టిగా కంపించినా దాదాపు ఏమీ వినిపించదు. సన్నని తీగ ముందుకు కదిలినప్పుడు దాని ఎదుటి గాలి నొక్కుకుపోవాలి, వెనక గాలి పలచబడాలి. కానీ తీగ మందం మిల్లీమీటరులో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. నొక్కుకున్న గాలి పక్కనుంచి జారి వెనక్కి చేరిపోతుంది. కంపనం అంతా అక్కడికక్కడే సరి. రెండు మేకుల మధ్య తీగ కట్టి మీటితే ఈ సంగతి తెలిసిపోతుంది.

అందుకే తీగ కింద దాన్ని ఆనించి ఉంచే గుర్రం, గుర్రం కింద పలక, పలక వెనక బోలు. తీగ కదలికను గుర్రం పలకకు అందిస్తుంది. పలక వెడల్పైనది కాబట్టి గాలి దాన్ని తప్పించుకుని జారిపోలేదు. బోలులోని గాలి సొంతంగా మరో పని చేస్తుంది. ఖాళీ కుండ మూతి దగ్గర ఊదితే బూమని ఒకే స్వరం వస్తుంది కదా, అలాగే ప్రతి బోలుకూ తనదైన ఒక అనునాద స్వరం ఉంటుంది. గిటారు పెట్టెలో ఈ గాలి స్వరం 100 హెర్ట్జ్‌ల దరిదాపుల్లో ఉంటుంది, పైపలక మొదటి అనునాదం 200 దగ్గర. ఆ పౌనఃపున్యాల దగ్గరి స్వరాలు నిండుగా పలుకుతాయి. గిటారు మంద్రంలో ఉండే ఆ వెచ్చదనం చెట్టుదీ తీగదీ మాత్రమే కాదు, లోపలి గాలిది కూడా.

జానపద తంబురాకు ఆ బోలు సొరకాయ ఇచ్చింది. ముదిరి ఎండిన సొరకాయ బుర్ర గట్టిగా, పలచగా, తేలిగ్గా ఉంటుంది. మూడూ కావలసిన గుణాలే. గుండ్రటి పెంకు కాబట్టి మందం తక్కువైనా వంగదు, బరువు తక్కువ కాబట్టి నీరసమైన తీగ కూడా దాన్ని కదిలించగలదు. బుర్రకథ అనే పేరు ఈ తంబురా బుర్ర నుంచే వచ్చిందని చెబుతారు. ఆ కళకు రూపం దిద్దినవారిలో పెద్దపేరు షేక్ నాజర్‌ది (1920–1997). అందులో ప్రధాన కథకుడి చేతిలో తంబురా, వేలికి గలగలలాడే అందెలు ఉంటాయి. పక్కన ఇద్దరు వంతలు ఉన్నా, కథను ముందుకు నడిపేది తంబురా పట్టిన మనిషే. సంగీత కళాశాలల్లో కనిపించే పెద్ద తంబురాకు మాత్రం దక్షిణాదిన పనసకర్రను తొలిచి కుండ చేస్తారు. అది కూర్చుని మీటే వాద్యం. మైళ్లకు మైళ్లు మోసే వాద్యం బుర్రదే అయి ఉండాలి.

కర్ర విషయం వచ్చింది కాబట్టి ఈ కొండల కర్రను తలచుకోక తప్పదు. ఎర్రచందనం శేషాచలం, వెలిగొండ, పాలకొండల ప్రాంతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెద్దగా పెరగదు. దాని చేవ నీళ్లలో మునిగేంత బరువు. వాద్యంలో కంపించాల్సిన పలకకు ఈ బరువు పనికిరాదు. అక్కడ తేలికైన స్ప్రూస్ లాంటి కర్ర కావాలి. అదే కంపించకూడని చోట, అంటే తీగ బిగువును భరించే మెడకు, బరువూ గట్టిదనమూ వరాలే. జపానువాళ్ల మూడు తీగల షమిసెన్‌లో ఖరీదైన రకాలకు మెడ చేసేది ఈ ఎర్రచందనంతోనే. అక్కడ దాన్ని కోకి అంటారు. జానపదం, కథాగానం వినిపించే ఆ వాద్యం మెడ శేషాచలం నుంచి వెళ్లింది కావచ్చు, తిరుపతి దాసరి తంబురాలో మాత్రం ఆ కర్ర ముక్క ఉండదు. 1995 నుంచి ఈ జాతి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది.

ఇక తంబురా చేసే అసలు పని. అది పాట వాయించదు. గాయకుడు ఏ పాట పాడినా అది షడ్జాన్నే, మహా అయితే పంచమాన్ని కూడా కలిపి, పట్టుకుని కూర్చుంటుంది. కచేరీ తంబురాకు నాలుగు తీగలు: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. ఏకతారకు ఒకటే. ఒకే స్వరం గంటసేపు వింటే విసుగు పుట్టాలి, పుట్టదు. కారణం, ఆ ఒక్క స్వరం నిజానికి ఒక్కటి కాదు. తీగ మొత్తంగా ఊగుతూనే, అదే సమయంలో రెండు సగాలుగా, మూడు వంతులుగా, నాలుగు వంతులుగా కూడా ఊగుతుంది. ఒక గాయకుడి షడ్జం 130 హెర్ట్జ్‌లనుకుంటే దాని వెంట 260, 390, 520, 650, 780 వరసగా పుడతాయి. వీటిని హరాత్మకాలంటారు. 260 పై షడ్జం. 390 ఆ పై స్థాయి పంచమం. 520 మళ్లీ షడ్జం. 650 అంతర గాంధారం. తీగను గాంధారానికి ఎవరూ బిగించకపోయినా గాంధారం వినిపిస్తుంది. సంగీతజ్ఞులు దీన్ని స్వయంభూ గాంధారమన్నారు. పేరు పెట్టినవాళ్ల చెవులకు మొక్కాలి. గాయకుడు గాంధారం దగ్గరికి వచ్చినప్పుడు తన గొంతు ఆ 650కి సరిగ్గా తగిలితే శబ్దం నునుపుగా కలిసిపోతుంది. నాలుగైదు హెర్ట్జ్‌లు అటూ ఇటూ అయితే సెకనుకు అన్నిసార్లు తరంగం ఎత్తుకుని పడుతుంది. వీటిని విస్పందనాలంటారు. చెవి వాటిని గరుకుగా పసిగడుతుంది. అంటే తంబురా తోడు మాత్రమే కాదు, పాడేవాడి తప్పును వెంటనే చెప్పే కొలబద్ద కూడా.

అన్నమాచార్యుడి విషయంలో తంబురా ఇలా శ్రుతిని పట్టి ఉంచడం ఒక ముఖ్యమైన చోట అక్కరకొస్తుంది. తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద కీర్తన సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరలిపి లేదు. ఈనాడు వినిపించే వరసల్లో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. 1978లో తిరుపతిలో మొదలైన అన్నమాచార్య ప్రాజెక్టు వాటిని ఊరూరా చేర్చింది. రాగం పేరు చెబితే చాలు, ఏ ఎత్తున పాడాలో చెప్పనక్కర్లేదన్న ధీమా ఆ రేకుల్లో ఉంది. ఎత్తు నిర్ణయించేది పాడేవాడి గొంతు, దాన్ని పట్టి ఉంచేది తంబురా. పాశ్చాత్య వాద్యాల్లా ఇంత హెర్ట్జ్ అని ఊరంతటికీ ఒకే కొలత లేదు.

తంబురా ధ్వనిలోని మరో వింతను తేల్చినవాడు చంద్రశేఖర వెంకటరామన్. ఆయన చిన్నతనం, బడిచదువు విశాఖపట్నంలో గడిచాయి. నోబెల్ తెచ్చిన కాంతి పరిశోధనకు ముందు చాలా ఏళ్లు ఆయన ధ్యాసలో పెద్ద భాగం వాద్యాల మీద ఉండేది. తీగను ఏ చోట మీటితే ఆ చోట నిశ్చలంగా ఉండాల్సిన హరాత్మకాలు పుట్టవని ఇంగ్లండు శాస్త్రవేత్త థామస్ యంగ్ 1800లో చెప్పాడు. నట్టనడుమ మీటితే రెండోది, నాలుగోది, ఆరోది రాకూడదు. తీగ నడుమ అవి కదలకుండా ఉండాల్సినవి కాబట్టి అక్కడ లాగి వదిలితే వాటికి ఊపు అందదు. గిటారు విషయంలో ఇది చాలావరకు నిజం. తంబురాను నడుమ మీటినా ఆ సరి హరాత్మకాలు బలంగా వినిపిస్తాయని, వీణలోనూ ఇదే జరుగుతుందని రామన్ 1921లో కలకత్తా నుంచి వెలువరించిన పత్రంలో చూపించాడు.

రహస్యం గుర్రంలో ఉంది. గిటారు గుర్రం అంచు పదును, తీగ అక్కడ ఒక్క గీత మీద ఆనుతుంది. తంబురా గుర్రం వెడల్పుగా, కొద్దిపాటి వంపుతో ఉంటుంది. తీగ కిందికి ఊగినప్పుడు ఆ వంపు మీద కొంచెం పరుచుకుంటుంది, పైకి లేచినప్పుడు విడివడుతుంది. అంటే కంపించే పొడవు ప్రతి ఊపులోనూ కాస్త మారుతూ ఉంటుంది. ఆ రాపిడిలో కింది హరాత్మకాల శక్తి పైవాటికి బదిలీ అవుతుంది. తీగకూ గుర్రానికీ నడుమ చిన్న నూలుపోగు పెట్టి అటూ ఇటూ జరిపితే ఒకచోట తీగ జుమ్మని పూస్తుంది. దాన్నే జీవ అంటారు. పోగు ఒక వెంట్రుకవాసి జరిగితే ప్రాణం పోయినట్టు ధ్వని చప్పబడుతుంది. మీటిన క్షణంలో మొద్దుగా మొదలై, క్రమంగా మెరుగెక్కి, పైపైకి పాకే ఆ ధ్వని వల్లే ఒకే స్వరం విసుగు పుట్టించదు.

వీధిలో పాడేవాడి చిన్న తంబురాకు ఈ జీవ సాధారణంగా ఉండదు, ఉన్నా అంత నాజూగ్గా ఉండదు. నడుస్తూ, ఎండలో, దుమ్ములో నూలుపోగు సవరించుకుంటూ కూర్చోవడం కుదిరే పని కాదు. దాని తీగ టుంగుమని పలికి తొందరగా చల్లారుతుంది. పండితులు దీన్ని తక్కువగా చూడవచ్చు గానీ, ఒంటరి గాయకుడికి ఆ చల్లారడమే కావాలి. తెంపు లేకుండా మోగే తంబురా కాలాన్ని కొలవదు. తొందరగా ఆగిపోయే తీగ ప్రతి మీటుతోనూ ఒక ఘాతం వేస్తుంది. కచేరీ తంబురా నీళ్లలా పారుతుంది, దాసరి తంబురా అడుగులా పడుతుంది. అదే తీగ శ్రుతీ ఇస్తుంది, తాళమూ వేస్తుంది. గిటారు జానపద గాయకుల బొటనవేలు సరిగ్గా ఇదే చేస్తుంది. రెండు మంద్ర తీగల మధ్య ఎడతెగకుండా అటూ ఇటూ కొడుతూ లయ నిలబెడితే, మిగతా వేళ్లు పై తీగల మీద పాట అల్లుతాయి. చూసేవాళ్లకు ఇద్దరు వాయిస్తున్నట్టు తోస్తుంది.

గిటారు మామూలు శ్రుతిలో తీగలు 82 హెర్ట్జ్‌ల నుంచి 330 దాకా ఉంటాయి, వాటి బిగువు అంతా కలిపితే ఉక్కు తీగల గిటారులో మామూలుగా 70 కిలోల బరువు దరిదాపుల్లో ఉంటుంది. ఆ శ్రుతి తీగలను మెట్ల దగ్గర అదిమి స్వరసమూహాలు పట్టడానికి అనువైనది. ఇంగ్లండుకు చెందిన డేవీ గ్రేయమ్ (1940–2008) మొరాకోలో ఊద్ వాయిద్యం వింటూ దానికి జతగా వాయించాలని తీగలను మరోలా బిగించాడు. మన భాషలో చెప్పాలంటే కింది నుంచి పైకి స ప స మ ప స. ఆరింట్లో ఐదు షడ్జ పంచమాలే. పాటను ఒకటి రెండు తీగల మీద వాయిస్తుంటే మిగతావి తమ మానాన తాము మోగుతుంటాయి. ఆ తర్వాత ఐర్లండు, స్కాట్లండు జానపదం వాయించే ఒంటరి గిటారిస్టులు ఈ శ్రుతిని గట్టిగా పట్టుకున్నారు. తెలిసి చేసినా తెలియక చేసినా, ఆరు తీగల గిటారు అక్కడ నాలుగు పాళ్లు తంబురా అయిపోయింది.

అలాగని గిటారు పూర్తిగా తంబురా కాలేదు. మెట్లు అడ్డం వస్తాయి. ఏ శ్రుతిలోనైనా వాయించేందుకు వీలుగా గిటారు మెట్లను స్వరస్థానాల మధ్య ఎడం సమానంగా వచ్చే లెక్కలో బిగిస్తారు. ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి ఉన్న దూరాన్ని 100 భాగాలు చేస్తే, గిటారు గాంధారం తీగలో సహజంగా పుట్టే గాంధారం కంటే 14 భాగాలు పైన కూర్చుంటుంది. పంచమంలో తేడా 2 భాగాలే కాబట్టి తెలియదు, గాంధారంలో తెలుస్తుంది. గోవిందనామాల వరసనో ఒక తత్వాన్నో గిటారుతో పాడినప్పుడు ఎక్కడో పొసగనట్టు అనిపిస్తే ఎక్కువసార్లు దోషం గొంతుది కాదు, మెట్లది. గమకం సంగతి సరేసరి. గొంతు స్వరం నుంచి స్వరానికి జారుతూ పోతుంది, గిటారు మెట్టు మెట్టుకూ ఆగి పోతుంది. గిటారు పట్టిన తెలుగు పిల్లలు జానపదానికి షడ్జ పంచమాలే మీటి గాంధారాన్ని గొంతుకు వదిలేయడం మంచి మార్గం.

ఇంతవరకు చెప్పింది తీగ గురించి. ఒంటి గాయకుడి దగ్గరున్న చిడతలు, గజ్జెలు కూడా అలంకారం కోసం కాదు. చెవికి ఒక బలహీనత ఉంది: గట్టిగా మోగే ధ్వని, తన దగ్గరి పౌనఃపున్యాల్లోని మెల్లని ధ్వనిని మింగేస్తుంది. ముఖ్యంగా తనకంటే పైవాటిని. గొంతుతో సమానమైన ఎత్తులో మరో వాద్యం గట్టిగా వాయిస్తే మాట తెలియకుండా పోయేది ఇందువల్లే. తత్వం పాడేవాడికి మాటే ప్రాణం. తంబురా గొంతుకు అడుగున, మెత్తగా ఉంటుంది. చిడతల పలుకు, గజ్జెల గలగల గొంతు కంటే ఎన్నో రెట్లు పైన, వేల హెర్ట్జ్‌లలో ఉంటాయి. మధ్యనున్న చోటంతా మాటకు ఖాళీ. పైగా మనిషి చెవి చురుకుదనం 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య ఎక్కువ. అందుకే పిడికెడంత చిడతల జత అంత దూరం వినిపిస్తుంది. వీధి గాయకులు కాస్త పదునుగా, ముక్కూ కంఠమూ కలిపినట్టు పాడతారు. ఆ పదును వల్ల గొంతులో 3,000 హెర్ట్జ్‌ల దగ్గరి పాలు పెరిగి, సంత గోలలోంచి కూడా పాట తేలుతుంది. సుకుమారంగా పాడితే పక్క అంగడి దాకా కూడా పోదు.

ఎంత పాడినా దూరం తన పన్ను వసూలు చేసుకుంటుంది. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. మీటరు దూరంలో 80 ఉన్న గొంతు 8 మీటర్ల దగ్గర 62, 32 మీటర్ల దగ్గర 50. పల్లె సద్దు కూడా కలిస్తే మాటలు తెలిసే హద్దు ఆ దరిదాపుల్లోనే. ఒంటి గాయకుడి చుట్టూ జనం ఎప్పుడూ దగ్గరగా, గుండ్రంగా కూర్చుంటారు. భక్తి కొంత కారణం కావచ్చు గానీ భౌతికశాస్త్రం ఎక్కువ కారణం. రచ్చబండ వెనక గోడో గుడిముందు మంటపమో ఉంటే పరిస్థితి మెరుగుపడుతుంది. రాయి తనమీద పడిన ధ్వనిలో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి పీల్చుకోదు, మిగతాది తిప్పి పంపుతుంది. అసలు ధ్వని వెనకాల సెకనులో ఇరవయ్యో వంతు లోపు చేరిన ప్రతిధ్వనిని చెవి వేరుగా గుర్తించదు, రెండూ కలిసి ఒకే బలమైన ధ్వనిగా వినిపిస్తాయి. గాయకుడి వెనక గోడ 8 మీటర్ల లోపున ఉంటే ఈ మేలు దక్కుతుంది. నిడుపాటి రాతి మంటపాల్లో దూరపు గోడల నుంచి ఆలస్యంగా వచ్చే మోత మాటను చెరిపేస్తుంది. అక్కడ నిదానపు పాట బాగుంటుంది, గుక్కతిప్పుకోని కథనం చెడుతుంది.

చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే మహాభారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం. రాత్రి పాట పక్క ఊరికి వినిపించిందని చెప్పుకోవడం అతిశయోక్తి కాదు. పగలు నేల దగ్గరి గాలి వేడిగా, పైగాలి చల్లగా ఉంటుంది. వేడిగాలిలో ధ్వని వేగం ఎక్కువ కాబట్టి తరంగం పైకి వంగి ఆకాశంలోకి పోతుంది. మబ్బు లేని రాత్రి రాయలసీమ నేల త్వరగా చల్లబడుతుంది. ఇప్పుడు కింద చలి, పైన వెచ్చన. తరంగం తిరిగి నేలవైపు వంగి దూరపు చేల మీద వాలుతుంది. పగలు కథ చెప్పే హరిదాసుకు ఈ వాటం లేదు, ఆయన గొంతు మీద భారం ఎక్కువ.

వేడి తీగను కూడా వదలదు. ఉక్కు తీగ ఒక్కటే 10 డిగ్రీలు వేడెక్కి, కర్రా బుర్రా అలాగే ఉన్నాయనుకుంటే, తీగ లక్షకు పన్నెండు పాళ్ల చొప్పున ఒక్కో డిగ్రీకి సాగుతుంది. వినడానికి ఏమీ కాదు. కానీ బిగించిన తీగలో మొత్తం సాగుడే వెయ్యికి రెండు మూడు పాళ్లు. అందులోంచి ఆ కాస్త పోయేసరికి బిగువు వందకు నాలుగు నుంచి ఆరు పాళ్లు తగ్గి, స్వరం పక్క స్వరస్థానానికి ఉన్న దూరంలో దాదాపు సగం కిందికి జారుతుంది. తిరుపతి మే నెల ఎండలోకి నీడలోంచి తెచ్చిన తంబురా రెండు నిమిషాల్లో అపస్వరం పలకడానికి ఇదే కారణం. తెలివైనవాళ్లు శ్రుతి చేసేది పాడబోయే చోటనే, కాసేపు ఆగిన తర్వాత. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవాడికి తీగ తిరిగి పైకి పలుకుతుంది. కొండ మీద చల్లన కాబట్టి తీగ బిగుస్తుంది. గాలి పలచనైనందువల్ల కాదు, ఆ తేడా శ్రుతిని ముట్టుకోదు. వానాకాలపు చెమ్మకు మాత్రం కర్ర ఉబ్బి, బిరడలు పట్టేసి వేరే తంటా పెడతాయి.

మైకు వచ్చాక ఈ లెక్కలు కొన్ని మారాయి. చెట్టుకు కట్టిన గొట్టం మైకు 300, 400 హెర్ట్జ్‌లకు కిందివాటిని దాదాపు పలకదు. ఆ లెక్కన తంబురా షడ్జం 130, దాని పైషడ్జం 260 రెండూ మైకులో మాయమవ్వాలి. అయినా ఊరవతల వినేవాడికి అదే షడ్జం వినిపిస్తుంది. మిగిలిన 390, 520, 650, 780ల మధ్య ఎడం సరిగ్గా 130. మెదడు ఆ ఎడాన్ని పట్టుకుని లేని స్వరాన్ని తనంతట తానే నింపుకుంటుంది. పాత టెలిఫోను కూడా 300కు కిందివాటిని మోసేది కాదు, అయినా అందులో మగ గొంతు మగ గొంతులాగే వినిపించేది.

1979లో బెంగుళూరులో జి. రాజ్‌నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురా తయారుచేశాక శ్రుతిపెట్టె సంచిలో ఇమిడింది, ఇప్పుడు ఫోనులోనే ఉంది. అది ఎండకు దిగదు, చలికి ఎక్కదు. నిలబడి పాడేవాడికి దానితో ఒక్కటే ఇబ్బంది, అది వేలితో తాళం వేయదు. అందుకే భజన వేదికల మీద శ్రుతి ఫోను నుంచి వస్తున్నా చేతిలో తంబురా దిగదు. ఆ తంబురాకే మైకు పెట్టాలంటే బుర్ర లోపలి గాలి స్పీకరు మోతను తిరిగి పట్టుకుని కూత పెడుతుంది. గిటారువాళ్లు గుర్రం కింద పీజో పలుకు అమర్చి, గాలిని కాకుండా కర్ర కంపనాన్నే నేరుగా తీసుకుని దీన్ని తప్పించుకున్నారు. తంబురా గుర్రం కిందా అదే పలుకు పనిచేస్తుంది. కాకపోతే ధ్వని కాస్త ఎండుగా వస్తుంది, బుర్ర చేసే పని అందులో వినిపించదు కాబట్టి. పీజో లేనిచోట స్పీకరును గాయకుడి ముందుకు జరిపి, బుర్రను దానికి పక్కవాటుగా తిప్పి పట్టుకుంటే కూత చాలావరకు తగ్గుతుంది.